మాట అందే దూరం

వోస్ ఊళ్లో, రైలు స్టేషన్ వెనక కొట్టు.
సిండ్రె అనే కుర్రాడు గాజుబల్ల మీద
నాలుగు పెట్టెలు పరిచాడు, పొద్దున్నే పట్టిన చేపల్లా.
"ఇది కిలోమీటరున్నర అందుతుంది.
ఇది జడివానకీ జంకదు.
ఇదైతే ఒక్క చార్జింగుతో పదమూడు గంటలు మాట్లాడుతుంది."
అయ్వింద్ గడ్డం గోక్కున్నాడు:
"పదమూడు గంటలా?
పెళ్లయినప్పట్నుంచీ కలిపినా అన్ని మాటలు నా దగ్గర లేవే!"

నిజమే. మాకిన్నాళ్లూ చేతులే చాలాయి.
ఎడమకాలు చాపితే ముందు కంకరుందని.
హెల్మెట్ నెత్తిన తడితే పోలీసులు.
ట్యాంకు మీద రెండు దెబ్బలు పెట్రోలు,
మూడు దెబ్బలు కాఫీ.
ఈ గుప్పెడు సైగలతో ఇరవై రెండు వేసవులు తిరిగాం,
దారిలో ఒక్క తగువూ పడకుండా.
తగువుకి సైగ లేదు మరి.

పోయినేడు హెమ్సెడాల్ దిగువన నా బండి గొలుసు తెగింది.
తను అద్దంలోకి చూసుకునేసరికి
మా మధ్య నలభై కిలోమీటర్లు.
గొర్రెల కొట్టం పక్కన రెండు గంటలు కూర్చున్నాను.
ఇది కొనాలని అక్కడే అనుకున్నాను,
రాగానే ఏం తిట్టాలో కూడా.

నాకు కావలసినవి పెట్టె మీద రాసి లేవు.
మందపాటి గ్లవ్స్‌లో బొటనవేలికి ఏ మీట ఏదో తెలుస్తుందా?
కళ్లద్దాల కాడని స్పీకరు నొక్కుతుందా?
ముప్ఫయ్యేళ్లు రంపపు మిల్లులో అరిగిన కుడిచెవికి
ఎడమచెవి కంటే కాస్త ఎక్కువ వడ్డించగలదా?
సిండ్రె తలెత్తి మొదటిసారి మా ఇద్దర్నీ చూశాడు.
మూడో పెట్టెని ముందుకు జరిపాడు.
రెండు వెనక టైర్ల ఖరీదు.
అయ్వింద్ ఈల వేశాడు, అయినా పర్సు తీశాడు.

రాత్రి వంటింటి బల్ల మీద హెల్మెట్ల పేగులు బయటపెట్టాం.
చెవి రంధ్రానికి వేలెడు పక్కకి జరిగినా
సగం మాట గాలిపాలట.
లిప్‌స్టిక్‌తో చెవికి చుక్క పెట్టి హెల్మెట్ తొడిగాను.
లోపలి గుడ్డ మీద ఎర్రగా అచ్చుపడింది తన చెవి.

పొద్దున్న తొలి మాట: "వినపడుతోందా?"
"ఆఁ."
తర్వాత గుద్వాంగెన్ దాకా గాలి,
గాలి వెనక తన ఊపిరి.

కొండమీది మంచుదారి ఇంకా తెరవలేదు.
ఏటా పట్టుబట్టి దాని మీదుగానే తీసుకెళ్లేవాడు,
చూపుకి బాగుంటుందనేవాడు. నమ్మాను.
ఈసారి లేర్దాల్ సొరంగమే గతి,
ఇరవై నాలుగు కిలోమీటర్ల చీకటి కడుపు.

లోపలికెళ్లిన కాసేపటికి
నా చెవిలో ఎవరో అంకెలు చదువుతున్నారు.
నలభై ఒకటి. నలభై రెండు.
అయ్వింద్, దీపాలు లెక్కపెడుతున్నాడు.
మైకు తెరిచి ఉందని మరిచాడు.
నా కళ్లముందు ఎప్పటిలాగే నిటారుగా వీపు,
చెవిలో ఆ వీపుకి అసలు సంబంధం లేని గొంతు.

మొదటి నీలిగుహ దాటింది.
నూట ఎనభై ఆరు దగ్గర గొంతు ఆగింది.
మింగాడు. ఆ గుటక కూడా వినిపించింది.

ఏమనాలి?
ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదనా?
భయం లేదులే అనా?
"నూట ఎనభై ఏడు" అన్నాను.

చాలాసేపు ఇంజన్ల మోతే.

"...ఎనిమిది" అన్నాడు.

అలా ఒకటి తను, ఒకటి నేను,
మధ్యలో ఎక్కడో ఇద్దరం తప్పాం,
సరిచూసుకోలేదు.

బయట వెలుగు మొహం మీద కొట్టింది.
చెవికి ఆనుకునే మైకు ఉంది, బ్యాటరీ నిండుగా ఉంది.
ఒక్క మాటా అనలేదు.
ట్యాంకు మీద మూడు దెబ్బలు కొట్టాడు.