అరిగిన మూల

బస్తాలు వస్తాయి.
పిండి బస్తాలు, యూరియా బస్తాలు,
పెళ్ళి దుప్పట్టా చించి కుట్టిన సంచీలు.
లోపల అన్నిట్లోనూ ఒకటే కితాబు.
ఒక్కోటీ ఒక్కో ఇంట్లో ముసలిదైంది.

క్వెట్టా దాటాక, కొండ మొదట్లో
లారీ వెనక తలుపు దించి
షాహ్‌దోస్త్ మామూ లెక్కపెడతాడు
తన బ్రాహుయీలో:
అసిట్, ఇరట్, ముసిట్.
మూడు దాటితే ఆ మాటలు చాలవు,
నాలుగు నుంచి ఫారసీ అరువు.
లెక్క అయ్యాక వజూ చేస్తాడు.
కూజాలో నీళ్ళు గడ్డకట్టే జనవరిలోనూ
మోచేతుల దాకా తడపందే
ఒక్క పుట ముట్టుకోడు.

బాగుపడేవి ఇటు.
జిగురు, దారం, కొత్త అట్ట,
ఏ పల్లె మదరసాకో మళ్ళీ ప్రయాణం.
ఇక వల్లకానివి అటు.
తెల్లగుడ్డలో చుట్టి ముడివేసి
కొండ కడుపులో తవ్విన సొరంగంలోకి
మనిషిని మోసినట్టే భుజాన మోస్తాం.
చెత్త అనే మాట ఇక్కడ ఎవరి నోటా రాదు.
చిరుగు ముక్కొకటి గాలికి లేస్తే చాలు
మామూ తన మోకాళ్ళ వయసు మరిచి పరిగెత్తుతాడు.

అర్థం అడిగితే నవ్వుతాడు.
"అరబ్బీ నాకేం తెలుసురా,
మా అమ్మకీ తెలీదు.
వాన భాష తెలిసినవాడే తడుస్తాడా?"

చూపు మందగించాక వేళ్ళతో చదువుతున్నాడు,
అక్షరాలను కాదు, చదివినవాళ్ళను.
ఇదిగో, పుట కింది మూల
పాత నాణెంలా నున్నబడింది:
బొటనవేలు తడిచేసి తిప్పే ముసలమ్మ.
ఇది మొదటి ముప్ఫై పుటలే నలిగింది:
ప్రతి రంజానుకీ మొదలుపెట్టి
మధ్యలో ఓడిపోయినవాడు.
ఇది యాసీన్ దగ్గర దానంతటదే తెరుచుకుంటోంది:
ఆ ఇంట్లో చావులెక్కువ.
ఇక్కడ, అంచు మీద,
పాలపళ్ళ గాటు.

మొన్నటి మంచులో వచ్చిన బస్తాలో
ఆకుపచ్చ గిలాఫ్‌లో ఒకటి.
అట్ట లేదు, చివరి పుటలు చెదలు తినేశాయి.
అటు పెట్టాల్సిందే.
ముందున్న ఖాళీ కాగితం మీద
పెన్సిలుతో ఉర్దూ గీతలు.
అవి చదవడం నా వంతు.

"మీరాన్, మాచ్ గనికి. కితాబు కిందుగా దాటించాను."
ఆ కిందే, "వచ్చాడు."
"మీరాన్, గనికి. దాటించాను."
"వచ్చాడు. దగ్గుతున్నాడు."
"జర్‌నాజ్, అత్తగారింటికి. దాటించాను.
అది ఏడ్చింది, నేను ఏడవలేదు."
"వచ్చింది. చంకలో పిల్ల."
అలా కాగితం నిండా,
వెళ్ళినప్పుడొక వరస, వచ్చినప్పుడొక వరస.
అన్నిటికంటే కింద,
"మీరాన్, గనికి. దాటించాను."
ఆ తర్వాత నాలుగు వేళ్ళ తెల్లకాగితం.

ముడి వేయబోయిన మామూ చేతులు ఆగాయి.
"ఏ ఊరిది?"
బస్తా మీద పేరు లేదు.
చలికి ముక్కు తుడుచుకుని, ముడి విప్పేసి,
"దీని కాపలా ఇంకా తీరలేదు" అన్నాడు.
ఇటూ కాదు, అటూ కాదు,
లారీలో డ్రైవరు తలపైనున్న అరలో పెట్టాడు.

మార్చిలో కరాచీ ఓడరేవు పనికి బయల్దేరాను.
అమ్మ పోయి ఆరేళ్ళు,
గడప దగ్గర కితాబు పట్టే చేతులు లేవు నాకు.
బస్టాండులో, జనం చూస్తుండగా,
మామూ ఆ ఆకుపచ్చ గిలాఫ్ రెండు చేతులా ఎత్తాడు.
భుజం పట్టేసి
ఎంతో పైకి లేవలేదు.
నేనే బాగా వంగాను.

దాటాక పెన్సిలు అడిగాను,
నా పేరు కూడా రాద్దామని.
ఇవ్వలేదు.
"వచ్చాక రాద్దువు. ముందు రా."

కండక్టరు అరుస్తున్నాడు, మూటలు ఎక్కిస్తున్నారు.
కిటికీ పక్కన కూర్చుని నుదురు తడుముకుంటే
వేలికి సన్నగా దుమ్ము,
గిలాఫ్ అంచుదో, కొండదో.
తుడుచుకోలేదు.