చివర ఒక ‘మ’

త్బిలిసీలో గోడకు బిగించే గ్యాస్ హీటరుని
కర్మ అంటారు.
ఏదో కంపెనీ పేరట, ఊరంతా అదే పేరు.
వచ్చిన మొదటి వారం ఇంటి ఓనరు
"నీ గదిలో కర్మ బాగానే ఉంది" అంటే
నవ్వు ఆపుకోలేక దగ్గాను.

నవంబరు చివర్లో అది ఆరిపోయింది.
గ్ల్దానీలో ఎనిమిదో అంతస్తు.
లిఫ్టు కదలాలంటే డబ్బాలో బిళ్ళ వెయ్యాలి.
జుంబేర్ తన దగ్గర చిల్లర లేదన్నాడు.
కిందికి దిగి వెళ్ళి ఆ బిళ్ళ కూడా నేనే వేశాను.

తెల్ల మీసం. చొక్కా జేబులో దువ్వెన.
గుమ్మంలో బూట్లు విడిచి
"గెనత్స్వాలే" అన్నాడు.
తల్లీ అన్నట్టూ ఉంటుంది, బంగారం అన్నట్టూ ఉంటుంది ఆ మాట.
కర్మ మూత విప్పి చాలాసేపు తల ఊపాడు,
పరామర్శకి వచ్చినవాడిలా.
సెన్సారు చచ్చిందన్నాడు.
జర్మనీది వేస్తానన్నాడు.
రెండు వందల నలభై లారీలు.
లారీ అంటే ఇక్కడ డబ్బు,
నా జీతంలో నాలుగో వంతు లోడు.
లెక్కపెట్టి ఇచ్చాను.
ఆయన మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

నాలుగు రాత్రులు వెలిగింది.
ఐదో రోజు తలనొప్పి.
ఎదురు ఫ్లాటు నాజిబ్రోలా ఉప్పు కోసం వచ్చి
గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి
కిటికీలు రెండూ బార్లా తెరిచింది.
మూత లాగి, ఆ జర్మనీ ముక్కని
బొటనవేలితో రుద్దింది.
వేలు వెండిరంగయింది.
పాత ముక్కే. పైన పెయింటు.
"నిద్రలో పోయేదానివి" అంది
నా మంచం మీద కూలబడి, ఉప్పు సంగతి మరిచిపోయి.

ఆ సాయంత్రం క్లాసులో త్సిత్సినో టీచరు
భూతకాలం మొదలుపెట్టింది.
ఈ భాషలో, జరిగిపోయిన పనికి
చేసినవాడి పేరు చివర ఒక ‘మ’ తగిలిస్తారు.
చేస్తున్నప్పుడు అక్కర్లేదు. చేయబోయేటప్పుడు అక్కర్లేదు.
పని అయిపోయాకే తోక.
"ఒక వాక్యం చెప్పండి" అంది.

జుంబేర్‌మ మొమాత్‌కువా.
జుంబేర్ నన్ను మోసం చేశాడు.

పదకొండు వారాల్లో
తప్పు లేకుండా అన్న మొదటి వాక్యం.
టీచరు చప్పట్లు కొట్టి, కొట్టాక,
"ఏ జుంబేర్?" అంది.

బస్సులో కూర్చుని ఇంటికి ఏమని చెప్పాలా అని
మనసులో అనుకుని చూశాను.
మోసపోయాను.
ఈ మాటలో వాడెక్కడ?
దువ్వెన లేదు, పెయింటు డబ్బా లేదు.
ఎవరూ పిలవకుండానే
నేనే నడుచుకుంటూ మోసంలోకి పోయాను.
ఇంకో రాత్రి కిటికీలు మూసి పడుకుని ఉంటే
ఆ క్రియలో రెండో సగం ఒక్కటే మిగిలేది.

శనివారం నాజిబ్రోలా ఆయన్ని
చెవి పట్టుకుని తెచ్చినంత పని చేసింది.
గుమ్మంలో మళ్ళీ బూట్లు విడిచాడు.
సాక్సుకి బొక్క. చూడకూడదనుకుంటూనే చూశాను.
మొహమ్మీదే అన్నాను వాక్యం, తోకతో సహా.

కాసేపు నేలని చూశాడు.
తర్వాత, "ఆ ‘కు’ అలా కాదు" అన్నాడు.
"గొంతు అడుగు నుంచి రావాలి,
ముల్లు ఇరుక్కున్నట్టు. మళ్ళీ అను."
అన్నాను.
"ఇంకోసారి."
జుంబేర్ నన్ను మోసం చేశాడు.
జుంబేర్ నన్ను మోసం చేశాడు.
"కర్గీ, బాగుంది" అన్నాడు,
నిజంగానే సంతోషపడి.

ఎనభై లారీలు బల్ల మీద పెట్టాడు.
మిగతాది ఖ్వల్ అన్నాడు. ఖ్వల్ అంటే రేపు.
రేపటికి రూపు లేదు, ఏ భాషలోనైనా.

ఇప్పుడు మార్చి.
కర్మ మీద పాత దుప్పటి కప్పాను.
కాళ్ళ దగ్గర కరెంటు హీటరు ఎర్రగా, ఖర్చుగా.
ఆ రోజు వెళ్తూ వెళ్తూ నాజిబ్రోలా
తలుపు గొళ్ళెం పక్కన వదిలిన బొటనవేలి ముద్ర
వెండిరంగులో అలాగే ఉంది.
ఉప్పు ఇంకా ఇవ్వనే లేదు ఆవిడకి.