రెండు కప్పులు

ఏటా మార్చి తొమ్మిదిన ఐలి కెటోలా ఫోన్ చేస్తుంది.
పొద్దున్న ఎనిమిదింటికి, స్టేషన్ తలుపు తీయగానే.
పలకరింపులుండవు. ఏడాదికి ఒకటే ప్రశ్న.

మొదటి ఏడు అడిగింది:
"వాణ్ణెందుకు కోశారు? తల మీద దెబ్బ కనబడుతూనే ఉందిగా."
కనబడితే చాలదు, కోర్టుకి చూపించగలగాలి అన్నాను.
అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు.
అలాంటి జవాబులు నాలిక చివరే ఉండేవి.

రెండో ఏడు: "ఎవడైనా ఒప్పుకుంటే సరిపోదా?"
సరిపోదు.
ఆ చలికాలం ఇద్దరు వచ్చి ఒప్పుకున్నారు.
ఒకడు తాగి, ఒకడు ఒంటరితనం భరించలేక.
సరస్సు ఊరికి ఏ వైపుందో ఇద్దరికీ తెలీదు.

ఐదో ఏడు: "వాడెవడో నీకు తెలుసు కదా, రైయా?"
నేను మాట్లాడలేదు.
నా మౌనాన్ని కాసేపు విని పెట్టేసింది.
తెలియడం ఒకటి, రుజువు కావడం ఒకటి.
మధ్యలో ఒక ఊరు. ఆ ఊళ్లో
మేకులు అమ్మే కొట్టు ఒక్కటే.
కంచె విరిగినా ఐలి అక్కడికే వెళ్లాలి,
చిల్లర అరచేతిలో పెట్టించుకోవాలి.

కాగితాల్లో ఉన్నదింతే:
గడ్డకట్టిన సరస్సు. చేపల కోసం తవ్విన కన్నం.
మంచులో రెండు పీటల గుర్తులు.
వెసా కెటోలా, ఇరవై ఆరేళ్లు, బోర్లా.
పక్కన మంచుగునపం, అది అతనిదే.
ఆకుపచ్చ థర్మాస్, దానికి తల్లి అల్లిన ఉన్ని తొడుగు.
రెండు కప్పులు. ఒకదాని అడుగున గడ్డకట్టిన కాఫీ,
రెండోది పొడి.
మేం రాసుకున్నాం: అతను తాగాడు,
వచ్చినవాడికి పొయ్యకముందే మాటా మాటా పెరిగింది.
పొడి కప్పు అంచునే పరీక్షకి పంపాం.
ఏమీ రాలేదు.

మా ఫిన్నిష్‌లో మనిషిని చంపడానికి
చట్టం మూడు మాటలిచ్చింది.
జాలిపడదగ్గ పరిస్థితిలో చేస్తే సుర్మా.
చేసింది చేతులే అయితే తప్పో.
ముందే తలలో చేసుకుని వస్తే ముర్హా.
తప్పోకి ఇరవై ఏళ్లు. తర్వాత చట్టం పుస్తకం మూసేస్తుంది.
ముర్హాకి మూత లేదు.

పందొమ్మిదో ఏడు, ఈ మార్చిలో,
ఆవిడ గొంతు పలచబడింది.
"వచ్చే మార్చికి తప్పో అయితే ముగిసిపోతుందన్నావు.
ముగిస్తే వాడి వస్తువులు నాకిస్తారా?"
ఇస్తారు.
"ముర్హా అయితే?"
పెట్టె ఇక్కడే ఉంటుంది. నా తర్వాత కూడా.
"మరి నేనేది కోరుకోవాలి?"

ఇరవై ఏళ్లుగా ఈ ఉద్యోగంలో
ఎన్ని ప్రశ్నలకి సెక్షన్ నంబరు చెప్పి ఉంటాను.
దీనికి చెప్పలేక, ఏదో ఒకటి మాట్లాడాలని,
మొట్టమొదటిసారి నేనే ఆవిణ్ణి అడిగాను:
వెసా కాఫీలో పంచదార వేసుకునేవాడా?

"కాఫీయా," అంది ఐలి.
"వాడసలు ముట్టడు. కడుపులో మంట.
ఎవరైనా వస్తానంటేనే ఫ్లాస్కు తీసుకెళ్లేవాడు."

బయట చెత్తబండి ఏదో ఎత్తి దింపింది.
నేను కుర్చీలోంచి లేచానని
లేచాకే తెలిసింది.
పొడి కప్పు వెసాది.
రెండోవాడు తీరిగ్గా కూచున్నాడు,
పోయించుకున్నాడు, అడుగు దాకా తాగాడు,
ఆ తర్వాత గునపం వైపు చూశాడు.
ముందే అనుకున్నాడో, అప్పుడే అనుకున్నాడో
కప్పు చెప్పదు. అది ప్రాసిక్యూటర్ తేల్చాలి.
కానీ అంచు ఉంది. పందొమ్మిదేళ్లుగా
కాగితపు సంచిలో, ఎవరూ తాకని పెదవి గుర్తు.

ఇవేవీ ఆవిడకి చెప్పలేదు.
చెప్పకూడదు, దర్యాప్తులో ఉన్నది.
ఫ్లాస్కు ఇప్పట్లో రాకపోవచ్చు, ఐలీ, అన్నాను.

అవతల చాలాసేపు కెటిల్ ఈల.
"సరే," అంది.
"తొడుగుకి చిమట పట్టకుండా చూడు."