తువ్వాలు కింద

మిర్చి యార్డు గేటు దాటగానే
తుమ్ముతూనే నవ్వింది ఇసటా కమారా.
సియెర్రా లియోన్ నుంచి వచ్చింది,
పదిహేను టిక్కీల తేజా కోసం.

"యుద్ధం ఆగాక బియ్యం బస్తాలొచ్చాయి,
'అమ్మకానికి కాదు' అని అచ్చేసి.
తిన్నాం. ఖాళీ సంచులు
చూరుకి కట్టాం, వానకి కప్పుకున్నాం.
ఎంతకిస్తారని అడిగే పనే లేకపోయింది."

వీరాంజనేయులుగారు అలవాటుగా తువ్వాలు కప్పి
లోపల ఆమె చెయ్యి పట్టుకున్నారు.
వేళ్లు తడిమి
ఆగిపోయారు.

"లేనిదాన్ని లెక్కెట్టకు.
ఉన్న నాలుగింటితోనే అడుగుతున్నా."

వంద రూపాయల దగ్గర
అరగంట పేచీ.
ఆఖర్న ఆయన రెండు దోసిళ్లు కొసరు వేస్తే
కాటా మీంచి తీసి పక్కన పోసింది.

గుమాస్తాని, చీటీ రాశాను:
పేరు, తూకం, ధర, హమాలీ.
ధర్మం గడి
ఖాళీగా వదిలేశాను.