మింగని గొంతు

లైసెన్సుకి కాగితం కావాలట.
కాగితానికి పరీక్ష.
పరీక్షకి నేను:
నలభై ఒక్క ఏళ్ళుగా లాలాపేటలో గడ్డాలు గీస్తున్న
అంకమ్మరావుని, రెండు పాస్‌పోర్టు ఫోటోలతో.

ఫోటో స్టూడియో కుర్రాడు వెనక్కి పంపాడు,
"బాబాయ్, గడ్డం చేసుకు రా" అని.
నిజమే. ఊరి గడ్డాలన్నీ గుర్తుండేవాడికి
తన గడ్డం మంగళవారం దాకా గుర్తురాదు.

బ్రాడీపేట నాలుగో లైను, మూడో అంతస్తు.
చలిపుట్టే గది. వరసగా అద్దాలు,
ఒక్కదానికీ మూల పగల్లేదు.
ప్రతి అద్దం ముందూ మెడదాకా ఉన్న ఒక బొమ్మ.
చెవిపోగు పెట్టుకున్న పిల్లాడొకడు
నన్ను చూసి లేచి నిలబడ్డాడు,
పరీక్ష పెట్టేవాణ్ణనుకుని.

పెట్టేది హారిక అనే అమ్మాయి.
"క్లయింట్ రాగానే మొదట ఏం చేస్తారు?"
"ఇవాళ బస్తాలు దిగాయా అని అడుగుతానమ్మా."
ఆమె రాసుకోలేదు.
జవాబు, శుభ్రమైన టవలు కప్పడం.
అదీ చేస్తాను.
ఊపిరి పీలుస్తానని ఎవరైనా చెప్పుకుంటారా?

నా గిరాకీ మిర్చి యార్డు హమాలీలు.
సీజన్లో వాళ్ళ చెంపల మీద
కంటికి కనపడని ఎరుపు కూర్చుని ఉంటుంది.
వేణ్ణీళ్ళు తగిలితే లేచి కరుస్తుంది.
ముందు పొడి గుడ్డ,
తర్వాత రెండు చుక్కల కొబ్బరినూనె, మళ్ళీ గుడ్డ,
చన్నీళ్ళు, అప్పుడు నురగ.
చివర పటిక.
లోషను సీసా ఉంది గానీ
అది గుమాస్తాలకి.

ఈ పని నాకు నేర్పింది నాంచారయ్య మామ.
ఆర్నెల్లు వెంట్రుకలు ఊడిపించాడు.
ఆర్నెల్లు తోలుపట్టీ మీద కత్తి సానపట్టించాడు.
ఆ తర్వాత బూర ఊది, నురగ రాసి,
పగలకుండా గీయమన్నాడు.
పదిహేడు పగిలాయి.
కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్న గులాబీ రంగు బూర
పగల్లేదు.
నేను ఎగిరి గంతేసేలోపే
మామ దాన్ని సూదితో పొడిచి అన్నాడు:
"సంబరపడకురా. ఇది మింగదు."

పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదే మనిషి,
ఊపిరి ఎక్కడ ఆపాలో తెలిసినవాడు.
గొంతు మీదికి కత్తి రాగానే
ఎంతటివాడైనా ఒక్కసారి గుటక వేస్తాడు.
ముడి పైకి వెళ్ళి, దిగుతుంది.
అది దిగేదాకా ఆగడమే మన విద్య,
గీసేది ఎలాగూ ఇనుమే, అనేవాడు.
కత్తి పోయి సగం విరిచిన బ్లేడు వచ్చింది.
ఆగడం మాత్రం పోలేదు.

ఇప్పుడు ఇక్కడ, బొమ్మ గొంతు దగ్గర
నా చెయ్యి ఆగింది.
ఆగి,
అలాగే ఉంది.
మింగదే!
పక్క పిల్లలు రెండో చెంప కూడా ముగించి
బ్రష్షులు కడుక్కుంటున్నారు.
"సర్, టైమ్" అంది హారిక,
మెల్లగానే.

మెట్లు దిగుతుంటే చెవిపోగు పిల్లాడు కలిశాడు.
"తాతా, అంతసేపు ఎందుకు ఆగారు?"
వాడి వేలు తీసి నా గొంతు మీద పెట్టుకున్నాను.
ఏమీ చెప్పలేదు.
మింగాను.
వాడు చెయ్యి లాక్కుని
తన గొంతు తడుముకున్నాడు.

ఫలితం ఫోనుకి వస్తుందట, నెలలోపు.
నెల దాటింది.
బ్యాంకు మెసేజీలు వస్తున్నాయి,
పళ్ళపొడి వాడు పంపుతున్నాడు,
అది తప్ప అన్నీ.

మంగళవారం. షట్టరు సగం దించి ఉంది.
నా కుర్చీలో మొదటిసారి నేను.
పిల్లాడి బ్లేడు గడ్డం కింది నుంచి వస్తోంది.
గొంతు దగ్గర ఆగింది.
గుటక దిగేదాకా వాడూ ఊపిరి పట్టుకున్నాడు,
నాకు చెవిలో వినపడింది ఆ నిశ్శబ్దం.

పొడి గుడ్డ మర్చిపోయాడు, వెధవ.
మంట మండిపోతోంది చెంప,
పొద్దున యార్డు వైపు వెళ్ళొచ్చాను కదా.