పదిహేడో నంబరు ప్లాటు

భూత్పూర్ దాటినంక ఎడమచేతి వెంచర్ల
నేను సైట్ సూపర్‌వైజర్ని.
మా మ్యాపుల వాన లేదు.

సున్నం గీతలు గీసిన నాడు
మేకల మల్కమ్మ కట్టె ఆనించి నిలవడ్డది:
"గీడికెళ్లి నీళ్లు నడుస్తయి, బిడ్డా."
నవ్విన.
మే నెల. నెర్రెలిచ్చిన నేల. ఏడ నీళ్లు?

మిరుగం రాత్రి ఒక్క గంట కొట్టింది.
తెల్లారి చూస్తె
సిమెంటు బస్తాలు బండలైనయి,
పదిహేడో నంబరు రాయి మునిగింది.
కొత్త సీసీ రోడ్డు మీద నీళ్లు
తప్పిపోయిన బర్రె లెక్క
పాత తొవ్వ వాసన పట్టుకుంట తిరుగుతున్నయి.

సేటు పైపులేద్దామన్నడు.
నేను మల్కమ్మను పిలుచుకొచ్చిన.
ఆమె ముందు నడిచింది,
ఎన్క నేను సున్నం పోసుకుంట పోయిన.
ఒంకర గీత.
దాని మీదనే తవ్వినం, మోకాటి లోతు.
అడుగున కంకర, పైన ఇసుక,
ఒడ్డు పొంటి వట్టివేరు, తుంగ.
పదిహేడు అమ్మలే.
బ్రోచర్ల దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టిండ్రు,
నాకు నోరు తిరగదు.

మొన్న మల్ల కొట్టింది.
తడుసుకుంట పోయి చూసిన.
నీళ్లొచ్చినయి. గడ్డిల కూసున్నయి.
ఎవలూ చూడనప్పుడు
భూమిలకు దిగినయి.

పొద్దుగాల ఆడ మల్కమ్మ మేకలు.
ఎల్లగొట్టమని సేటు ఫోను.
ఇనవడ్తలేదు సారూ, అన్న.