ఒక్క మెతుకు

సండర్‌లాండ్‌లో మార్చి వాన అడ్డంగా కొడుతుంది,
గొడుగు ఏ వైపు పట్టాలో తెలియదు.
ల్యాబులోకి వచ్చి తడికోటు తగిలించేసరికి
ట్రేలో నాకోసం ఒక గాజు పలక:
రాబ్సన్, డెబ్బై ఒకటి, కాలేయం, సూది నమూనా.

సేమ్యా పోగంత ఉంటుంది, అంతకన్నా పొట్టి.
ఫార్మలిన్‌లో నాని, మైనంలో గడ్డకట్టి,
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన తెగి
గులాబీ, ఊదా రంగులు పూసుకుని
కేజీన్నర కాలేయం తరఫున
సాక్ష్యం చెప్పడానికి వచ్చింది.

కటకం కింద అంతా సవ్యంగానే ఉంది.
కణాలు వరస తప్పలేదు.
మధ్యమధ్య కాస్త కొవ్వు, అది శనివారాల బీరు తాలూకు.
పిత్తనాళాలు ఎక్కడివక్కడే.
పెద్దది చేసి చూశాను.
ఇంకా లోతుకి కోయించి చూశాను.
ఏమీ లేదు.

పక్క తెరమీద స్కానులో మాత్రం
కుడివైపు మూడు నీడలు, ఉసిరికాయలంతేసి.
రెండేళ్ల కిందట పెద్దపేగులోంచి తీసేసినదాని
పిల్లలేమోనని అందరి అనుమానం.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి
ఒక్క మెతుకు చాలంటారు మనవాళ్లు.
నిజమే, ఎసరు అన్ని మెతుకుల్నీ
ఒకే తీరున పలకరిస్తుంది.
కాలేయం అన్నం కాదు.
ఇక్కడ ఒకచోట నిప్పు, వేలెడు దూరంలో చల్లదనం.
ఊపిరి తీసినప్పుడల్లా అది కిందికి జారుతుంది,
సూది ఆగినచోటే ఆగుతుంది.
పోనీ గడ్డకే తగిలినా, నట్టనడుమ తగిలితే
చచ్చిన కణాల బూడిద వస్తుంది.
బూడిదని అడిగితే ఏం చెబుతుంది, ఏ కట్టెదో?

రిపోర్టు రాయాలి.
'క్యాన్సర్ లేదు' అంటే రెండు మాటలు.
'ఈ ముక్కలో క్యాన్సర్ కనబడలేదు', నాలుగు.
ఆ పై రెండు మాటల కోసం
ముప్పావుగంట కూర్చున్నాను. టీ చల్లారింది.

గురువారం మీటింగులో కుర్ర సర్జను
'నెగెటివే కదా' అన్నాడు, కుర్చీలో వెనక్కి వాలుతూ.
తలుపు కొడితే పలకనంత మాత్రాన
మనిషి ఊళ్లోనే లేడంటావా నాయనా?
పైకి అనలేదు. రిపోర్టు మళ్లీ చదివాను,
'ఈ ముక్కలో' దగ్గర గొంతు కాస్త ఒత్తి.

సూది వేసిన గిలియన్ అప్పుడు చెప్పింది.
ఆయన ఓడల కార్ఖానాలో
వెల్డింగు అతుకులు పరీక్షించేవాడట, అది మూసేసేదాకా.
సూది తీశాక, చెప్పినట్టే కుడిపక్కకి ఒత్తిగిలి,
నొప్పి సంగతి ఎత్తకుండా అడిగాడట:
"ఎక్కడ గుచ్చావమ్మా, అతుకు మీదా, పక్కనా?
నేను పదింటికొకటి చూసి ముద్ర కొట్టేవాణ్ణి.
మిగతా తొమ్మిదీ అలాగే సముద్రంలోకి పోయేవి.
రాత్రి గాలి లేచిందంటే
ఆ తొమ్మిదీ నన్ను నిద్రపోనిచ్చేవి కావు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
ఎవరి పెన్నో బల్ల మీంచి దొర్లి పడింది.

రెండోసారి గుచ్చారు.
రక్తం కారవచ్చు, సూది దారెంట విత్తనం రాలవచ్చు,
కాగితం ఆసాంతం చదివి, ఒక అచ్చుతప్పు చూపించి,
సంతకం పెట్టాడట.

ఈసారి పోగు సగం తెల్లగా ఉంది.
చెదిరిన గ్రంథులు, వాటి నడుమ మురికి,
కాలేయం ఇంట్లో కూర్చుని
పేగు యాసలో మాట్లాడుతున్న కణాలు.
దొరికింది, అనుకున్నాను.
ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, సంతోషించాను.
ఆ సంతోషాన్ని ఏ సబ్బుతో కడుక్కోవాలో
ఇప్పటికీ తెలియలేదు.

రెండు మైనపు దిమ్మెల్నీ ఒకే సొరుగులో పెట్టాను.
మొదటిది అబద్ధమాడలేదు.
తానున్న చోటి సంగతి తాను చెప్పింది.
చోటు ఎంచింది మేము.